సేద్యపు పనులకు పట్టే కాలం: జ్ఞాపకం, అంచనా, కొలత

ఏ పంట సాగు ఖర్చుల పట్టికను తీసుకున్నా "కలుపుతీత – ఎకరాకు 8 మంది" వంటి వరుస ఒకటి తప్పక కనిపిస్తుంది. విత్తనానికి రసీదు ఉంటుంది. ఎరువు బస్తాపై ధర ముద్రించి ఉంటుంది. కూలి రేటును ఊరిలో నలుగురిని అడిగి తెలుసుకోవచ్చు. కాని ఆ ఎనిమిది అనే అంకెకు ఆధారమేమిటని విచారిస్తే, చాలా సందర్భాలలో తేలేది రైతు జ్ఞాపకం, లేదా నిరుటి పట్టిక. దిగుబడిని గ్రాములలో తూచి, నేలలోని నత్రజనిని ప్రయోగశాలలో నిర్ధారించి, గణాంక విశ్లేషణకు గురిచేసే పరిశోధన పత్రాలలో సైతం శ్రమకాలం మాత్రం నోటిమాటగానే మిగిలిపోతున్నది. సాగు వ్యయంలో మానవ శ్రమ వాటా అనేక పంటలలో అన్నిటికన్న పెద్దది కనుక ఈ అలసత్వాన్ని చిన్న లోపంగా భావించడానికి వీలు లేదు.

దీని ఫలితం నేరుగా రైతు ఆదాయాన్ని తాకుతుంది. 2018-19 కేంద్ర బడ్జెట్టులో ప్రకటించిన సూత్రం ప్రకారం కనీస మద్దతు ధర ఉత్పత్తి వ్యయానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఈ వ్యయంలో రైతు చేతి నుండి పెట్టిన ఖర్చులతోపాటు కుటుంబ సభ్యుల శ్రమకు లెక్కకట్టిన విలువ కూడా చేరుతుంది. కుటుంబ శ్రమకు ఎవరూ రసీదు ఇవ్వరు. ఎన్ని గంటలు పనిచేశారన్న నమోదు ఒక్కటే దానికి సాక్ష్యం. ఊహకు ఒక లెక్క తీసుకుందాం. ఎకరాకు కుటుంబ శ్రమలో 5 పనిదినాలు నమోదు కాకుండా జారిపోయాయనీ, రోజుకూలి రూ.400 అనీ, దిగుబడి 10 క్వింటాళ్లు అనీ అనుకుంటే, వ్యయం క్వింటాలుకు రూ.200 తక్కువగా తేలుతుంది. అటువంటి లోపమే నమూనా అంతటా వ్యాపించి ఉంటే, ఒకటిన్నర రెట్ల సూత్రంలో అది క్వింటాలుకు రూ.300 తేడాగా మారుతుంది.

రోజు అంటే ఎంత?

మొదటి చిక్కు కొలమానంలోనే ఉన్నది. తెలుగు పల్లెలకు కాలగణన కొత్త కాదు. గడియ అంటే 24 నిమిషాలు, జాము అంటే ఏడున్నర గడియలు, అనగా 3 గంటలు. విత్తనం నుండి కోత వరకు కార్తెల లెక్క ఉండనే ఉన్నది. అయితే పని విషయానికి వచ్చేసరికి వాడుకలో నిలిచిన కొలమానాలు పూట, రోజు, అరక. ఇవి ఒప్పందానికి పనికివచ్చే కొలమానాలే కాని విశ్లేషణకు పనికిరావు. వేసవిలో తెల్లవారకముందే మొదలై ఎండ ముదిరేసరికి ముగిసే పూట, పుష్య మాసంలో మంచు విడిచిన తరువాత మొదలయ్యే పూట ఒకటి కావు. ఒక ఊరిలో మధ్యాహ్నం అన్నానికి గంట విరామం ఇచ్చి సాయంత్రం వరకు సాగే పనిని రోజు అంటారు. పక్క ఊరిలో ఒంటిపూటకే ఆ పేరు చెల్లుతుంది. గుత్తకు పట్టిన ముఠా ఎకరం నాటును పగటివేళకే ముగించి మరొక మడికి వెళ్లవచ్చు. అప్పుడు లెక్కలో "ఒక రోజు, 10 మంది" అని పడితే అది ఎవరి రోజు?

కేంద్ర ప్రభుత్వం 1970-71 నుండి నిర్వహిస్తున్న ప్రధాన పంటల సాగు వ్యయ అధ్యయన పథకంలో మానవ శ్రమను గంటలలో నమోదు చేయడానికి కారణం ఇదే. క్షేత్ర సిబ్బంది ఎంపికైన గ్రామాల సమీపంలోనే ఉంటూ, రైతు చేసిన పనులను ఎప్పటికప్పుడు పుస్తకంలోకి ఎక్కించడం ఆ పథకపు ప్రాణం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ 1975లో ప్రారంభించిన గ్రామస్థాయి అధ్యయనాలు కూడా ఇదే మార్గాన్ని అనుసరించాయి. మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు గ్రామాలతోపాటు మహారాష్ట్రలోని షోలాపూర్, అకోలా జిల్లాల గ్రామాలలో పరిశోధకులు నివాసముండి, కొద్ది వారాల వ్యవధితో అవే కుటుంబాలను మళ్లీ మళ్లీ కలిసి శ్రమ వివరాలను సేకరించారు. నేటికీ పరిశోధకులు ఆ దత్తాంశాన్ని వెదకి తీసుకోవడానికి ఒక ముఖ్య కారణం, అడిగే ప్రశ్నకూ చేసిన పనికీ నడుమ కాలం తక్కువగా ఉండడమే.

జ్ఞాపకం ఎటు వంగుతుంది?

పంట చేతికి వచ్చిన తరువాత "కలుపుకు ఎన్ని రోజులు పట్టింది?" అని అడిగితే రైతు అబద్ధం చెప్పడు. అతడు గుర్తు తెచ్చుకోడు కూడా, లెక్క కడతాడు. సాధారణంగా ఆ పనికి ఎంత పడుతుందో, ఆ ఏడాది వానలు ఎట్లా ఉన్నాయో, కూలీలకు మొత్తం ఎంత ఇచ్చాడో కలిపి ఒక సంఖ్యను చెబుతాడు. అందువలన కూలి డబ్బు ఇచ్చిన పనులు కొంత మేరకు సరిగానే వస్తాయి. డబ్బు చేతులు మారని పనులు, అంటే గట్లు చెక్కడం, మడికి నీరు మళ్లించడం, పిట్టలను తోలడం, ఎండిన కాయను చినుకు పడగానే కుప్పచేసి కప్పడం మొదలైనవి లెక్కలోకి రావు, లేదా "రోజూ" అన్న ఒక్క మాటలో విపరీతంగా పెరిగిపోతాయి.

ఈ విషయమై టాంజానియాలోని మారా ప్రాంతంలో జరిగి 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనం విస్తరణ శాస్త్రవేత్తలు తప్పక గమనించదగినది. అక్కడ కొన్ని కుటుంబాలను సీజను పొడవునా వారం వారం అడిగారు. పోలికకు మరికొన్ని కుటుంబాలను పంట ముగిసిన తరువాత ఒకేసారి అడిగారు. ఒక మనిషి ఒక కమతంలో పనిచేసిన గంటలు, చివర అడిగినప్పుడు, వారం వారం నమోదైన దానికి నాలుగు రెట్ల వరకు ఎక్కువగా వచ్చాయి. విచిత్రమేమంటే కుటుంబం మొత్తానికి కలిపి చూస్తే తేడా దాదాపు మాయమైంది. కారణం, చివర అడిగినప్పుడు కొన్ని కమతాలనూ, పనిచేసిన కొందరు మనుషులనూ మరచిపోవడం. ఒకవైపు పొంగినది మరొకవైపు కుంగినదానితో రద్దయింది. మొత్తం సరిపోయినదని సంతృప్తి చెందితే, ఆ దత్తాంశంతో కమతం వారీగా గానీ మనిషి వారీగా గానీ లెక్కించిన శ్రమ ఉత్పాదకత అంతా తప్పుగా వస్తుంది. పరస్పరం రద్దయ్యే పొరపాట్లు ఎప్పుడూ అట్లాగే రద్దవుతాయన్న హామీ కూడా లేదు.

జరిగిన పని విషయంలో జ్ఞాపకం ఇట్లా ఉంటే, జరగబోయే పని విషయంలో అంచనా మరొక విధంగా తప్పుతుంది. మనుషులు తమ పనికి పట్టే కాలాన్ని తక్కువగా ఊహించే ఈ స్వభావాన్ని కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో వివరించారు. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ ప్రచురించిన అధ్యయనంలో సిద్ధాంత వ్యాసం రాస్తున్న విద్యార్థులు సగటున 33.9 రోజులలో ముగిస్తామని చెప్పగా, వాస్తవంగా 55.5 రోజులు పట్టింది. స్నాతకోత్తర విద్యార్థులకు ఈ అంకెలు పెద్దగా ఆశ్చర్యం కలిగించకపోవచ్చు. అంచనా వేసేవారు పని సాగే తీరును ఊహిస్తారు గాని, ఆగే తీరును ఊహించరు. పొలంలో ఆగడానికి కారణాలు ప్రయోగశాలలో కన్న అధికం.

గడిచిన కాలం, పట్టిన కాలం

ఈ రెండింటినీ వేరుచేయకుండా చేసిన కొలత ఎంత సూక్ష్మమైనా నిరుపయోగం. ఎకరానికి 5 సెంటీమీటర్ల లోతు నీరు పెట్టాలంటే సుమారు 2,02,000 లీటర్లు కావాలి. సెకనుకు 10 లీటర్లు పోసే బోరు అయితే దాదాపు 5 గంటల 37 నిమిషాలు నడవాలి. కాలువల్లో నష్టం దీనికి అదనం. ఇది గడిచిన కాలం. ఈ సమయంలో రైతు మడవలు తిప్పుతూ పూర్తిగా పనిలో ఉన్నది కొంత భాగమే. మిగిలిన భాగంలో అతడు గట్టున కలుపు పీకవచ్చు, పశువుకు గడ్డి కోయవచ్చు, కేవలం కాపలా ఉండవచ్చు. నీటి పారుదలకు "ఒక రోజు" అని రాయడం ఎక్కువ అవుతుంది. మడవ తిప్పిన నిమిషాలు మాత్రమే రాయడం తక్కువ అవుతుంది. కరెంటు వేళ కోసం ఎదురుచూసిన కాలాన్ని శ్రమగా లెక్కించకపోయినా, ప్రత్యేక గడిలో నమోదు చేయక తప్పదు. ఆ వేళలో ఆ మనిషి మరొక కూలిపనికి వెళ్లలేడు.

పిచికారీ మరింత స్పష్టమైన ఉదాహరణ. ఎకరాకు 200 లీటర్ల ద్రావణాన్ని 16 లీటర్ల వీపు స్ప్రేయరుతో చల్లాలంటే పన్నెండున్నర ట్యాంకులు పడతాయి. ట్యాంకు ఖాళీ కావడానికి 12 నిమిషాలు, తిరిగి గట్టుకు నడచి, నీరు తెచ్చి, మందు కలిపి, నింపి, ఎత్తుకోవడానికి 10 నిమిషాలు అనుకుంటే చల్లిన కాలం 150 నిమిషాలు, చల్లని కాలం 125 నిమిషాలు. ఏ నాజిల్ మంచిదన్న చర్చ మొదటి 150 నిమిషాలకు సంబంధించినది. నీళ్ల డ్రమ్మును చేను మధ్య గట్టుకు చేర్చడమన్న చిన్న మార్పు రెండవ 125 నిమిషాలలో కోత పెడుతుంది. కొలత లేకపోతే ఈ రెండవ భాగం ఎవరి కంటా పడదు. పరికరం మారిస్తేనే శ్రమ తగ్గుతుందన్న అభిప్రాయం విస్తరణ సమావేశాలలో బలపడడానికి ఇదొక కారణం.

యంత్రాల విషయంలో వ్యవసాయ ఇంజనీరింగు ఈ భేదాన్ని మొదటి నుండి పాటిస్తున్నది. వేగాన్ని గంటకు కిలోమీటర్లలో, పని వెడల్పును మీటర్లలో తీసుకొని గుణించి 10తో భాగిస్తే గంటకు ఎన్ని హెక్టార్లన్న సైద్ధాంతిక క్షేత్ర సామర్థ్యం వస్తుంది. వరుసల నడుమ 23.8 సెంటీమీటర్లతో ఎనిమిది వరుసలు నాటే యంత్రం గంటకు 1.6 కిలోమీటర్ల వేగంతో కదిలితే అది 0.30 హెక్టారు. చేను చివర తిప్పుకోవడం, నారు చాపలు పేర్చడం, దిగబడిన చోట ఆగడం తీసివేసి సామర్థ్యాన్ని 65 శాతంగా తీసుకుంటే వాస్తవంగా మిగిలేది గంటకు దాదాపు 0.20 హెక్టారు, అనగా ఎకరాకు రెండు గంటలు. హెక్టారుకు దాదాపు 25 నుండి 30 మంది ఒక రోజు వంగి చేసే చేతినాటుతో పోలిస్తే ఇది అద్భుతమే. కాని పోలిక న్యాయంగా ఉండాలంటే ట్రేలలో మట్టి నింపి, విత్తనం చల్లి, చాపనారు పెంచిన గంటలను యంత్రం ఖాతాలో వేయాలి. అట్లాగే నారు పీకి, కట్టలు కట్టి, మడికి మోసిన గంటలను చేతినాటు ఖాతాలో వేయాలి. ఆదా అయిన శ్రమ శాతాన్ని పతాక శీర్షికగా ప్రకటించే నివేదికలలో పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందన్న హద్దు ఒక్క వాక్యంలోనైనా కనబడకపోవడం విచారకరం.

కొలిచే విధానం

నేరుగా గడియారం పట్టి కొలవడం అన్నిటికన్న నమ్మదగినది, అన్నిటికన్న ఖరీదైనది. పనిని ముందుగా అంగాలుగా విడదీయాలి. పత్తితీతలో ఏరడం, ఒడి నిండిన తరువాత గట్టుకు నడచి కుప్పపోయడం, తూకం, నీళ్లు తాగడం వేరువేరు అంగాలు. ఎన్నిసార్లు కొలవాలన్నది పనిలోని వైవిధ్యాన్ని బట్టి ఉంటుంది. కాలాల విచలన గుణకం 25 శాతం ఉండి, సగటును 95 శాతం విశ్వాసంతో 10 శాతం లోపు పొరపాటుతో పొందాలంటే 1.96ను 25తో గుణించి 10తో భాగించి వర్గం చేయాలి. అది 24 పరిశీలనలు. ముగ్గురు రైతులను అడిగి సగటు తీయడం ఏ ప్రమాణానికీ నిలవదు.

పరిశోధన క్షేత్రంలోని చిన్న మడిలో కొలిచి ఎకరాకు పెంచే అలవాటుతో ఒక ప్రమాదం ఉన్నది. 20 చదరపు మీటర్ల మడిలో కలుపు తీయడానికి ఒక మనిషికి 20 నిమిషాలు పట్టిందనుకుందాం. ఎకరంలో అటువంటి మడులు 202; మొత్తం 67 గంటలకు పైగా, ఎనిమిది గంటల రోజులు 8.4. కొలతలో 2 నిమిషాల పొరపాటు దొర్లితే ఎకరా లెక్కలో దాదాపు ఒక పనిదినం మారుతుంది. పైగా 20 నిమిషాలు వంగి పనిచేసే నడుము వేగం ఏడవ గంటలో ఉండదు. రోహిణి కార్తె ఎండలో అసలే ఉండదు. చిన్న మడి కొలతకు విశ్రాంతి భత్యాన్ని కలపకుండా సిఫారసు చేయడం, కూలీ దేహాన్ని లెక్కలో నుండి తీసివేయడమే.

గుంపుగా జరిగే పనికి మరొక మార్గం చౌకైనది. 1930లలో బ్రిటిష్ నూలు మిల్లులలో మగ్గాలు ఎంతసేపు ఆగుతున్నాయో తెలుసుకోవడానికి టిప్పెట్ అనే గణాంక శాస్త్రవేత్త రూపొందించిన పద్ధతి ఇది. అన్నివేళలా చూడనవసరం లేదు. అప్పుడప్పుడు చూసి ఆ క్షణాన ఏమి జరుగుతున్నదో రాసుకుంటే చాలు. పదిమంది నాటు వేసే చోట ఎనిమిది గంటలలో 32 సార్లు చూస్తే 320 పరిశీలనలు లభిస్తాయి. వాటిలో 30 శాతం నారు అందుకోవడానికీ, ఎదురుచూడడానికీ పోయినట్లు తేలితే, ఆ శాతం అటూ ఇటూ 5 లోపు నమ్మదగినది. అయితే ఒకే క్షణంలో చూసిన పదిమంది పరస్పర స్వతంత్రులు కారు. నారు అందకపోతే అందరూ ఆగుతారు. కనుక నిజమైన పొరపాటు అంతకన్న ఎక్కువే. సరిగ్గా ప్రతి పావుగంటకు చూడడం కన్న యాదృచ్ఛిక వేళలను ముందే ఎంచుకోవడం మేలు. లేకపోతే ముఠా అలవాటుగా నీళ్లు తాగే వేళ, పరిశీలన వేళ ఒకదానిపై ఒకటి పడే అవకాశం ఉన్నది.

మూడవది దినచర్య పుస్తకం. జాతీయ గణాంక కార్యాలయం 2019లో నిర్వహించిన కాల వినియోగ సర్వే, ఉదయం 4 గంటల నుండి మరునాటి ఉదయం 4 గంటల వరకు, అరగంట గడులుగా, ఆరేళ్లు పైబడిన వారి పనులను నమోదు చేసింది. ఇంటివారి కోసం కూలి లేకుండా చేసే గృహసేవలకు, ఆ పనులలో పాల్గొన్న స్త్రీలు సగటున రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించినట్లు ఆ సర్వే తెలిపింది. వ్యవసాయ శాస్త్రవేత్తలకు ఈ అంకె కన్న దాని నీడ ముఖ్యమైనది. రైతు కుటుంబ స్త్రీ పని వరుసలో ఉండదు, పేనుకొని ఉంటుంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా దూడను విప్పుతుంది. చేనుకు వెళ్తూ పేడను పెంటకు చేరుస్తుంది. తిరిగి వస్తూ గడ్డిమోపు తెస్తుంది. పది నిమిషాలకు లోపు పడిన ముక్కలు అరగంట గడులలో నిలవవు. పాడి పశువు పెంపక వ్యయాన్ని లెక్కించేటప్పుడు ఆ ముక్కలను ఏరి కూర్చకపోతే పాలు ఉచిత శ్రమతో వచ్చినట్లు కనిపిస్తుంది. పాత వ్యవసాయ నిర్వహణ లెక్కలలో స్త్రీ పనిదినాన్ని పురుష పనిదినంలో భిన్నంగా కుదించే ఆనవాయితీ ఉండేది. నాట్లు, కలుపు, పత్తితీతలలో ప్రధాన హస్తం ఎవరిదో తెలిసిన ప్రాంతంలో ఆ కుదింపుకు శాస్త్రీయ ఆధారం కనిపించదు. గంటలను గంటలుగానే, స్త్రీ పురుష భేదంతో వేర్వేరు గడులలో రాయడం ఉత్తమం.

గడియారం ఎవరి చేతిలో ఉన్నది?

గమనిస్తున్నారని తెలిస్తే మనుషుల పని తీరు మారుతుంది. అమెరికాలోని హాథోర్న్ కర్మాగారంలో 1924-32 మధ్య జరిగిన ప్రయోగాల పేరుతో ఈ ప్రభావం ప్రసిద్ధమైనది. ఆ ప్రయోగాల విశ్లేషణపై తరువాతి కాలంలో విమర్శలు వచ్చినా, క్షేత్రంలో ఈ అనుభవం కొత్తది కాదు. మొదటి రోజు కొలతలను విడిచిపెట్టి, రెండవ మూడవ రోజు కొలతలను స్వీకరించడం ఒక పరిష్కారం. అంతకన్న కీలకమైనది నమ్మకం. నోటుపుస్తకం, చేతి గడియారం పట్టుకొని గట్టున నిలబడిన వ్యక్తిని కూలీలు యజమాని తరఫు మనిషిగా భావించడం సహజం. కొలత ఫలితంగా గుత్త రేటు తగ్గవచ్చునన్న భయం నిరాధారం కాదు. కర్మాగారాల చరిత్రలో కాల పరిశీలన అందుకు ఉపయోగపడిన సందర్భాలు ఉన్నాయి. కనుక పరిశీలనకు ముందు దాని ఉద్దేశాన్ని రైతుకే కాక ముఠాకు కూడా వివరించి సమ్మతి పొందాలి. పేర్లు రాయరాదు. ఒక్కొక్కరి వేగాన్ని యజమానికి చూపరాదు. కొలిచిన అంకెలను ముందుగా ముఠాకే చదివి వినిపిస్తే, చాలాసార్లు వారే తప్పును దిద్దుతారు: "అది పని ఆపడం కాదు, నారు కట్ట రాలేదు" అని.

ప్రణాళికలో ఉపయోగం

శ్రమకాలం తెలిసినప్పుడు సిఫారసు స్వరూపమే మారుతుంది. నల్లరేగడిలో పత్తికి మొదటి 60 రోజులు కలుపు లేకుండా చూడాలన్నది అందరికీ తెలిసిన సలహా. ఐదెకరాల రైతుకు ఎకరాకు 8 పనిదినాల చొప్పున ఒక్క విడతకు 40 పనిదినాలు కావాలి. ఇంటివారు ఇద్దరు, కూలీలు ఇద్దరు కలిస్తే అది 10 రోజుల పని. వాన పడితే రేగడి కాలు పెట్టనివ్వదు. ఆరి పదునుకు వచ్చేవరకు రోజులు ఖాళీగా పోతాయి, కలుపు మాత్రం ఆగదు. పది రోజులలో నాలుగు ఇట్లా పోతే మిగిలిన ఆరు రోజులలో ముగించడానికి ఏడుగురు కావాలి. అదే వారంలో ఊరంతటికీ ఏడుగురు చొప్పున కావాలి కనుక కూలి రేటు పెరుగుతుంది, లేదా మనుషులు దొరకరు. రైతు కలుపు మందు వైపు వెళ్లడం అజ్ఞానం వలన కాదు, ఈ లెక్క వలన. వరుసల నడుమ గుంటక తోలి, వరుసలోని కలుపును మాత్రమే చేతితో తీసే పద్ధతిని సూచించే శాస్త్రవేత్త, ఆ పద్ధతికి ఎన్ని గంటలు పడుతుందో, ఎన్ని పదును రోజులలో ముగుస్తుందో కూడా చెప్పగలిగినప్పుడే ఆ సలహా రైతు లెక్కలో కుదురుతుంది. ఇక్కడ సగటు ఒక్కటే చాలదు. పది పరిశీలనలలో ఎనిమిదింటిలో పని ఎంతలోపు ముగిసిందన్న అంకె ప్రణాళికకు మరింత పనికివస్తుంది.

ఈ దత్తాంశం సేకరించడానికి కొత్త పథకం అవసరం లేదు. బి.ఎస్సీ. వ్యవసాయ విద్యార్థులు గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో భాగంగా వారాల తరబడి గ్రామాలలో ఉంటారు. ఒక్కొక్క విద్యార్థి ఒక రైతు కుటుంబపు ఒకే ఒక పనిని ఎంచుకొని, మొదలు నుండి తుది వరకు నమోదు చేస్తే చాలు. పుటలో గడులు ఆరు: పని అంగం, మొదలైన వేళ, ముగిసిన వేళ, పాల్గొన్న స్త్రీలు, పాల్గొన్న పురుషులు, ఆగిన కారణం. విస్తీర్ణాన్ని రైతు చెప్పినట్లు కాక టేపుతో గాని ఫోనులోని జీపీఎస్‌తో గాని కొలవాలి. ఎకరమని పిలిచే మడి ముప్పై రెండు గుంటలే ఉంటే గంటల లెక్క ఎంత సరిగా ఉన్నా ఎకరా లెక్క ఐదవ వంతు తప్పుతుంది. నేల రకం, తేమ, కలుపు సాంద్రత పుట పైభాగాన ఉండాలి. పని ముగిసిన రెండు వారాల తరువాత అదే రైతును ఎంత కాలం పట్టిందని అడిగి, ఆ జవాబును పుట వెనుక వేరుగా రాసి ఉంచాలి. ఏ పనికి జ్ఞాపకాన్ని నమ్మవచ్చో, ఏ పనికి నమ్మరాదో ఆ రెండు అంకెల తేడా చెబుతుంది.